కోవెంట్రీలో విన్న పాట

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలోని పెద్దలకు, నలభై ఏళ్లయినా అలవాటు మానలేక వెనక కుర్చీల్లోనే కూర్చున్న మా 1985 బ్యాచ్ వాళ్లకు, పిల్లలకు నమస్కారం.

కమిటీ వాళ్లు నాకిచ్చిన అంశం 'ఇంజినీరింగ్ రంగంలో నా అనుభవాలు'. నా ఉద్యోగమంతా కార్ల బ్రేకులు పరీక్షించడంలోనే గడిచింది. బ్రేకుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే ఈ హాల్లో మిగిలేది నేనూ, మైకు చూసుకునే కుర్రాడూ. అందుకని కార్యదర్శిగారిని బతిమాలి అంశం మార్చుకున్నాను. ఆ బ్రేకులే నన్ను ఒక ఊరికి తీసుకెళ్లాయి. ఆ ఊళ్లో ఒక పాటల బృందం గురించి తెలిసింది. దాని కథ చెబుతాను. అందులో మన బడి సంగతి కూడా కొంచెం వస్తుంది. అది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

ఆ ఊరు ఇంగ్లండు మధ్యలో ఉన్న కోవెంట్రీ. మన ఊళ్లో డాక్టరుగారికి ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది, గుర్తుందా? బడి గేటు ముందు ఆగితే చుట్టూ మూగేవాళ్లం. అది మద్రాసులో తయారైన కారే గాని, దాని పుట్టిల్లు కోవెంట్రీ. స్టాండర్డ్, ట్రయంఫ్, జాగ్వార్ అన్నీ ఆ ఊరి పేర్లే. 1940 నవంబరులో జర్మన్ విమానాలు ఆ ఊరిని ఒక్క రాత్రిలో బూడిద చేశాయి. యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీలు మళ్లీ లేచాయి, పనివాళ్లు కావాల్సి వచ్చింది. జమైకా నుంచి నల్లవాళ్లు, మన పంజాబు నుంచి సిక్కులు వెళ్లి అక్కడ స్థిరపడ్డారు.

నన్ను కంపెనీ 2005లో అక్కడికి పంపింది. ఎందుకు పంపిందో దాచకుండా చెబుతాను. వాళ్లు చేసే పనిలో కొంత నేర్చుకుని ఇండియాకు తెచ్చుకోవడానికి. అదే ఏడాది బ్రౌన్స్ లేన్‌లో జాగ్వార్ కార్లు బిగించడం ఆపేశారు. మరుసటి ఏడాది రైటన్‌లో ప్యూజో ఫ్యాక్టరీ మూతపడింది. మా టెస్టింగ్ షెడ్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇంకో ఆరు నెలల్లో ఆయన ఉద్యోగం పోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఏ శబ్దం వస్తే ఏ బోల్టు వదులైందో ఓపికగా నేర్పించాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళ రేడియోలో ఒక పాట వస్తుంటే వాల్యూమ్ పెంచి, "ఇది మా ఊరి పాట" అన్నాడు.

అది 'ఘోస్ట్ టౌన్'. పాడింది ద స్పెషల్స్ అనే బృందం.

వాళ్లు వాయించేది స్కా అనే సంగీతం. జమైకాలో 1950ల చివర్లో పుట్టింది. పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ కాలితో తాళం వేయండి. మన చప్పట్లు ఆ అంకెల మీదే పడతాయి. స్కాలో గిటారు దెబ్బ అంకెకీ అంకెకీ మధ్య ఖాళీలో పడుతుంది. అందుకే అది వింటూ కుదురుగా కూర్చోలేం. 1960ల్లో ఈ సంగీతం వలస కుటుంబాలతో పాటు ఇంగ్లండు చేరింది. తర్వాత 1976, 77 ప్రాంతంలో ఇంగ్లండు తెల్ల కుర్రాళ్లు పంక్ అనే దూకుడు సంగీతం పట్టుకున్నారు. ఈ రెంటినీ కలిపితే ఎలా ఉంటుందని ఆలోచించినవాడు జెర్రీ డామర్స్. ఈయన పుట్టింది ఎక్కడో తెలుసా? మన ఊటీలో, 1955లో. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ వలస వచ్చినవాళ్లు వెళ్లిపోవాలని ఊరేగింపులు తీసేది. గుండు గీయించుకున్న కుర్రాళ్లు సంగీత సభల్లో దూరి కొట్లాటలకు దిగేవాళ్లు. వాళ్లూ పాటలు వినేవాళ్లే. ఆ పాట నల్లవాడి దగ్గర్నుంచి వచ్చిందని వాళ్ల కళ్ల ముందే పెట్టాలని డామర్స్ పట్టుదల. 1977లో కోవెంట్రీలో బృందం మొదలైంది, తర్వాత అందులో ఏడుగురు స్థిరపడ్డారు. లిన్వాల్ గోల్డింగ్, నెవిల్ స్టేపుల్ జమైకాలో పుట్టినవాళ్లు. మిగతావాళ్లు తెల్లవాళ్లు. ముందు నిలబడి నవ్వకుండా పాడే టెర్రీ హాల్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. బేస్ గిటారు వాయించే హోరేస్ పాంటర్, డామర్స్ ఒకే పాలిటెక్నిక్‌లో బొమ్మలు వేయడం చదువుకున్నవాళ్లు. పాంటర్ తర్వాతి కాలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాడు. ఇక్కడున్న మాస్టార్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

1979లో డామర్స్ 'టూ టోన్' అనే సొంత రికార్డు కంపెనీ పెట్టాడు. గుర్తు నలుపు తెలుపు గళ్లు, పక్కన నల్ల సూటు వేసుకున్న మనిషి బొమ్మ. అదే ఊరి నుంచి 'ద సెలెక్టర్' అనే ఇంకో బృందం కూడా ఆ కంపెనీలో చేరింది. అందులో పాడే పాలిన్ బ్లాక్ అప్పటిదాకా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసేది. స్పెషల్స్ మొదటి ఆల్బమ్‌ను ఎల్విస్ కాస్టెల్లో దగ్గరుండి రికార్డు చేయించాడు. ఈయనే 1985లో ద పోగ్స్ అనే మరో బృందానికీ ఆల్బమ్ చేయించాడు. వాళ్లు ఐర్లండు జానపదాన్ని ఇలాగే పంక్‌తో కలిపినవాళ్లు. వాళ్ల కథ వేరు, ఇంకో స్వర్ణోత్సవానికి దాచుకుందాం.

నాకు వీళ్లలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. 1967లో డాండీ లివింగ్‌స్టన్ అనే జమైకా గాయకుడి పాటను 1979లో వీళ్లు మళ్లీ పాడారు. మొదటి రికార్డులో ట్రాంబోన్ ఊదిన రీకో రోడ్రిగెజ్ అనే పెద్దాయన్ని వెతికి పట్టుకుని, కొత్త రికార్డులోనూ ఆయనతోనే ఊదించారు. పాట తీసుకుని పాట ఇచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టలేదు.

పాటకు రాజకీయం ఎందుకని ఇంగ్లండులో వీళ్లను అడిగినవాళ్లు ఉన్నారు. మన దగ్గర ఆ ప్రశ్న తక్కువ. నాజర్ బుర్రకథ విన్నవాళ్లం, గద్దర్ గొంతు విన్నవాళ్లం. కాని మనం పాట మాటల్లో రాజకీయం వెతుకుతాం. స్పెషల్స్ విషయంలో అది నోరు తెరవకముందే మొదలవుతుంది, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారన్న దగ్గర. దానికి ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారు. 1980లో లండన్‌లో ఒక సభ నుంచి బయటికొస్తున్న గోల్డింగ్‌ను జాతి ద్వేషంతో చావగొట్టారు. తనను కొట్టినవాళ్లను ఎందుకని అడుగుతూ అతనే ఒక పాట రాశాడు. అది 'ఘోస్ట్ టౌన్' రికార్డుకు రెండో వైపున ఉంది.

ఇక ఆ రికార్డు సంగతి. 1980 నాటికి కోవెంట్రీలో ట్రయంఫ్ కార్లు బిగించే క్యాన్లీ ఫ్యాక్టరీ ఆగిపోయింది. దేశమంతా అదే వరస. నిరుద్యోగులు 1982 జనవరికి ముప్పై లక్షలు దాటారు. డామర్స్ ఊరూరా తిరుగుతూ గ్లాస్గోలో ముసలమ్మలు ఇంట్లో కప్పులూ సాసర్లూ రోడ్డు మీద పెట్టి అమ్ముకోవడం చూశాడట. మూతపడ్డ క్లబ్బులు, పనిలేని కుర్రాళ్లు, వీధుల్లో కొట్లాటలు ఆ పాటలోకి వచ్చాయి. చిన్న స్టూడియోలో, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద రికార్డు చేశారు. ఒక ఆర్గాను ఏడుపు, రీకో ట్రాంబోన్, నక్క ఊళలాంటి కోరస్. వీడియోలో ఏడుగురూ ఒక పాత వాక్స్‌హాల్ క్రెస్టాలో ఇరుక్కుని ఖాళీ లండన్ వీధుల్లో తిరుగుతారు. కార్ల ఊరివాళ్లయి ఉండి లూటన్ కంపెనీ కారెక్కారేమిటని మా షెడ్డు పెద్దాయనకు అదొక్కటే కోపం.

1981 ఏప్రిల్‌లో కోవెంట్రీ నడిబొడ్డున ఇరవై ఏళ్ల సిక్కు విద్యార్థిని పొడిచి చంపారు. చదువుకుంటున్న కుర్రాడు, మన పిల్లల్లాంటివాడు. జూన్ 20న స్పెషల్స్ ఊరి స్టేడియంలో జాతుల సామరస్యం కోసం సభ పెట్టారు. అదే రోజు తామూ ఊరేగింపు తీస్తామని నేషనల్ ఫ్రంట్ ప్రకటించింది. అనుకున్నంత జనం రాలేదు. మా పెద్దాయన వెళ్లాడు. "నీకు పాటలంటే అంత ఇష్టమా?" అని అడిగాను. "చనిపోయిన కుర్రాడిలాంటి వాళ్లు మా లైనులో నలుగురు పనిచేసేవాళ్లు. సోమవారం వాళ్ల మొహం చూడాలి కదా" అన్నాడు.

జులైలో 'ఘోస్ట్ టౌన్' మొదటి స్థానానికి వెళ్లి మూడు వారాలు అక్కడే ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సౌతాల్, లివర్‌పూల్, మాంచెస్టర్ లాంటి చోట్ల అల్లర్లు చెలరేగాయి. రేడియోలో పాట, కిటికీ బయట మంటలు. అంతకన్నా పెద్ద విజయం ఏ బృందానికి దొరుకుతుంది? వాళ్లు మాత్రం అప్పుడే విడిపోయారు. ఆ పాట టీవీలో పాడటానికి వెళ్లిన రోజునే హాల్, స్టేపుల్, గోల్డింగ్ ముగ్గురూ వెళ్లిపోతున్నామని చెప్పేశారు. డామర్స్‌ది ప్రతి చిన్నదీ తన లెక్క ప్రకారం ఉండాలనే స్వభావం. ఎడతెగని ప్రయాణాలు, అలసట, ఒకరి మీద ఒకరికి విసుగు. నలుపూ తెలుపూ కలిసి ఉండాలని దేశానికి చెప్పినవాళ్లు ఏడుగురు కలిసి ఉండలేకపోయారని కొందరు వెక్కిరించారు. నేను నవ్వలేను. ఒక ప్రాజెక్టులో ఏడుగురు ఇంజినీర్లను రెండేళ్లు కలిపి ఉంచడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

మిగిలినవాళ్లతో డామర్స్ ముందుకు వెళ్లాడు. 1983లో లండన్‌లో మండేలా 65వ పుట్టినరోజు సభకు వెళ్లేదాకా ఆయన గురించి తనకు పెద్దగా తెలియదని డామర్సే చెప్పుకున్నాడు. 1984లో మండేలాను విడిచిపెట్టమంటూ పాట తెచ్చాడు. జైలు గురించిన పాటను ఏడుపుగా కాకుండా పెళ్లి ఊరేగింపులా కట్టాడు. ఆ తర్వాత పాటలు దాదాపు పక్కన పెట్టి, దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా కళాకారులను కూడగట్టే పనిలో పడ్డాడు. 1988 జూన్ 11న వెంబ్లీలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. చాలా దేశాల టీవీల్లో వచ్చింది. 1990 ఫిబ్రవరిలో మండేలా బయటికొచ్చాడు. పాట వల్లే వచ్చాడని నేను చెప్పను. అక్కడ ఎంతమంది ప్రాణాలు పోయాయో తెలిసినవాళ్లు అలా చెప్పరు. 2014లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం డామర్స్‌కు తమ దేశపు పురస్కారం ఇచ్చింది.

పాత మిత్రులు 2008లో మళ్లీ వేదికెక్కారు, డామర్స్ లేకుండా. ఎవరి వాదన వాళ్లది. 2019లో వాళ్ల కొత్త ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లింది. 2022 డిసెంబరులో టెర్రీ హాల్ పోయాడు, 63 ఏళ్లు. ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తొచ్చింది కోవెంట్రీ కాదు, ఈ వేదిక.

1984. ఆ మండేలా పాట వచ్చిన ఏడాదే. మేం తొమ్మిదో తరగతి. వార్షికోత్సవానికి బృందగానం. మాలో ఒకడు డప్పు వాయించేవాడు. వాడి దెబ్బ కూడా అంకె మీద కాదు, మధ్యలో పడేది. షెడ్డులో స్కా విన్నప్పుడు ఇది నాకెక్కడో తెలుసనిపించింది అందుకే. వారం రోజులు వేపచెట్టు కింద వాడి డప్పు మీదే పాట కట్టుకున్నాం. ముందు రోజు సాయంత్రం, డప్పు వేదిక మీదకి బాగుండదు, తబలా పెట్టుకోండి అన్నారు. అన్నది ఎవరన్నది ఇప్పుడు అనవసరం, వాళ్లలో చాలామంది లేరు. ఎందుకన్నారో మాకందరికీ తెలుసు. వాడికి తెర లాగే పని ఇచ్చారు. మేం ఎనిమిది మందిమి. ఒక్కరం 'వాడు లేకపోతే మేమూ పాడం' అనలేదు. పాడాం. రెండో బహుమతి కూడా వచ్చింది. స్టీలు గ్లాసు. మా అమ్మ చాలా ఏళ్లు అందులోనే కాఫీ ఇచ్చింది.

గురువుల ముందు ఈ మాట అనడం సులువు కాదు. మా అందరికీ చదువు చెప్పింది ఈ బడే. అందుకే ఇక్కడే చెప్పాలనిపించింది.

పోయిన నెల వాడికి ఫోన్ చేశాను. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా ఉన్నాడు, రిటైర్మెంటు దగ్గర పడింది. సంగతంతా చెప్పి, "ఆ రోజు మేం తప్పు చేశాంరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నలభై ఏళ్లు పట్టిందిరా నీకు ఈ ఫోన్ చేయడానికి" అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో ఫోన్లో తెలియలేదు. ఈ ఉత్సవానికి రమ్మన్నాను. డ్యూటీ ఉందన్నాడు. నిజంగా ఉందో లేదో నేను అడగలేదు.

రేపు ఉదయం టిఫిన్ అయ్యాక కంప్యూటర్ గదిలో ఈ పాటలు వినిపిస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను పంపమని హెడ్మాస్టరుగారిని కోరాను, సరేనన్నారు. డప్పు వాయించడం వచ్చిన పిల్లలుంటే తెచ్చుకుని రండి.