తపాలా బిళ్ళపై కాల్బేలియా

ఒకే ఇతివృత్తంపై రెండు దేశాల తపాలా శాఖలు కలిసి బిళ్ళలు వెలువరించడాన్ని సంయుక్త విడుదల అంటారు. 2010లో భారత్, మెక్సికోలు ఆ పద్ధతిలో తెచ్చిన స్మారక బిళ్ళల జంటలో ఒకదానిపై మెక్సికో జంటనృత్యం హరాబె తపతియో, రెండవదానిపై రాజస్థాన్ జానపదనృత్యం కాల్బేలియా కనిపిస్తాయి. స్మారక బిళ్ళ అంటే నిత్యవ్యవహారపు బిళ్ళలా మళ్ళీ మళ్ళీ అచ్చయ్యేది కాక, ఒక సందర్భానికి పరిమితంగా ముద్రితమయ్యేది.

కాల్బేలియాలు పాములు పట్టి, ఆడించి, విషవిద్యతో జీవించిన సంచారజాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ కులవృత్తికి దారులు మూసుకుపోగా, అంతవరకు పండుగలకూ వేడుకలకూ పరిమితమైన ఆటపాటలే క్రమంగా వారి బతుకుతెరువయ్యాయి. పురుషులు పాములవాళ్ళ బూర అయిన పూంగీని ఊదుతూ, ఖంజరీ అనే చిన్న చర్మవాద్యాన్ని మోగిస్తుండగా, వెండిజరీ కుట్టిన నల్లని ఘేరు పావడాలు ధరించిన స్త్రీలు పాము మెలికలను తలపించేలా గిరగిర తిరుగుతారు. పాటల్లో చాలాభాగం అప్పటికప్పుడు అల్లినదే కావడం ఈ కళలోని అసలైన విశేషం. ఇదే 2010లో యునెస్కో దీనిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో, అనగా కట్టడాలు కాని కళలు, ఆచారాల పట్టికలో చేర్చింది.

కూచిపూడి సహా ఆరు శాస్త్రీయనృత్యాలకు 1975లోనే బిళ్ళలు వచ్చాయన్నది గమనిస్తే, సంచారజాతి స్త్రీల నృత్యానికి ఈ గౌరవం ఆలస్యంగానే దక్కిందనాలి. ఈ కళను ప్రపంచ వేదికలకు చేర్చిన గులాబో సపేరాకు 2016లో పద్మశ్రీ లభించింది.