నూనెగింజలు – మన షుగరు



మన మొదటి బ్యాచ్ వాళ్లం అరవై దాటాం. కలిసినప్పుడు పిల్లల కబుర్లయ్యాక వచ్చేది షుగరు మాటే. ఆ వెంటనే కలోంజీ నూనె, అవిసె నూనె, నువ్వుల నూనె. ఇవి నిజంగా పనిచేస్తాయా అని చాలామంది అడిగారు. డాక్టరుగా నాకు తెలిసింది చెబుతాను.

ముందు మెంతులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మధుమేహం ఉన్నవారికి భోజనంతో మెంతిపొడి ఇచ్చి చూసి, 1990లో ఫలితాలు ప్రచురించారు. చక్కెర తగ్గింది. అయితే అది నూనె తీసేసిన పొడి! మెంతుల్లోని జిగురు పీచు పిండిపదార్థాల అరుగుదలను నెమ్మదింపజేస్తుంది. అంటే అక్కడ గుణం చూపింది నూనె కాదు.

కలోంజీ నూనెలో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది. కొన్ని చిన్న పరిశోధనల్లో కలోంజీతో పరగడుపు షుగరు కొంత తగ్గింది. వాటిలో చాలామంది తమ మాత్రలు మానకుండానే దాన్ని వాడారు.

నువ్వుల నూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. వనస్పతికీ నెయ్యికీ బదులుగా వాడితే గుండెకు మేలు, ఇన్సులిన్ పనితీరుకూ కొంత సాయం. ఇక్కడ ‘బదులుగా’ అన్నదే ముఖ్యం. ఉన్నదానికి తోడు మరో రెండు చెంచాలు పోసుకుంటే, గ్రాముకు 9 కేలరీల చొప్పున నడుము పెరుగుతుంది, దాంతో షుగరూ పెరుగుతుంది.

నా భయమల్లా మందులు ఆపేసి నూనె తాగేవాళ్ల గురించే. టైప్ 1 వాళ్లు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మిగతావాళ్లకు వెంటనే ఏమీ తెలియదు. లోపల కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు చప్పుడు లేకుండా దెబ్బతింటాయి. మందులతో పాటు కలోంజీ వాడితే కొందరికి షుగరు మరీ పడిపోనూవచ్చు. అందుకే ఏది వాడుతున్నా మీ డాక్టరుకు చెప్పండి.

మన బడిలో జవాబొక్కటే రాస్తే లెక్కకు మార్కులు పడేవి కావు, చేసిన విధానం కూడా చూపాలి. నూనె సీసా అమ్మేవాణ్నీ అదే అడుగుదాం: ఎంతమందికి ఇచ్చారు? ఎన్నాళ్లు? మూడు నెలల సగటు షుగరు ముందు ఎంత, తర్వాత ఎంత? లెక్క చూపలేకపోతే మార్కులు వేయకండి.