చలికాలపు నీరసం: సూది కంటే ముందు పరీక్ష
(రోగుల బంధువుల కొరకు ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా మీవారి మంచం పక్కన కూర్చుని, సరిగా నిద్ర లేకుండానే ఇక్కడికి వచ్చారు. కాబట్టి నీరసం అంటే ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. ఈరోజు చలికాలంలో వచ్చే నీరసం గురించి, దానికి ఆక్యుపంక్చర్ ఎంతవరకు పనికివస్తుందో కలసి ఆలోచిద్దాం.

"డిసెంబరు వచ్చిందంటే మా అమ్మకు ఒళ్ళు లేవదు డాక్టరుగారూ. సూదులు వేయిస్తే ఓపిక వస్తుందని అంటున్నారు, వేయించవచ్చా?" అని బంధువులు అడుగుతుంటారు. నా జవాబు ఒక్కటే. వేయించవచ్చు, కాని ఆ నీరసం ఎందుకు వచ్చిందో కనుక్కున్న తరువాతనే.

ముందు చలి సంగతి చూద్దాం. తిరుమల కొండ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున అక్కడ మంచు కమ్ముకుంటుంది. ఆ వేళకే లేచి పనిలోకి పోయేవారికి కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర చాలదు. చలికి దాహం వేయదు కాబట్టి నీళ్ళు తక్కువ తాగుతారు. దీనివల్ల కొంత బద్ధకం రావడం సహజమే. నాలుగు రోజులు వేళకు తిని, కంటినిండా నిద్రపోయి, కాస్త ఎండలో నడిస్తే అది తగ్గిపోతుంది.

చలి దేశాలలో ఇంకొక సమస్య ఉంది. ఎండ తక్కువై, మనసు కుంగి, ఒంట్లో శక్తి సన్నగిల్లే జబ్బును 1984లో అమెరికా వైద్యులు వర్ణించారు. లండన్‌లో ఉంటున్న మన పిల్లలకు డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. అదే రోజుల్లో మన తిరుపతిలో పగలు పదకొండు గంటలకు పైగా ఉంటుంది. అందుచేత మన ప్రాంతంలో వారాల తరబడి నీరసం ఉంటే దానిని చలిమీదికి నెట్టివేయకూడదు. లోపల వేరే కారణం ఉన్నదేమో చూడాలి.

ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. నలభై ఏళ్ళ తల్లి. మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోయింది. ఇంట్లోవాళ్ళు చలికాలమే కదా అన్నారు. ఎవరో చెబితే వారానికి రెండుసార్లు సూదులు వేయించారు. వేయించిన రోజు కొంచెం హాయిగా ఉండేది, మరునాటికి మామూలే. రెండు నెలల తరువాత రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరు. సూదులు ఆమెకు హాని చేయలేదు. పోయిన రెండు నెలలే హాని చేశాయి. ఇలాంటి తల్లి మన ఇంట్లో కూడా ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా, గర్భిణికి 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటాము.

రక్తహీనత ఒక్కటే కాదు. చలి ఎక్కువగా అనిపించడం, బరువు పెరగడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం ఉంటే థైరాయిడ్ లోపం కావచ్చు. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ కావచ్చు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు 1915లో క్షయ ఆసుపత్రి తెరిచిన నాటికి ఈ జబ్బుకు సరైన మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే వైద్యం. నేడు మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. ఇక షుగరు, గుండె బలహీనత, మనోవ్యాకులత కూడా నీరసంగానే బయటపడవచ్చు.

ఇప్పుడు ఆక్యుపంక్చర్ సంగతి. ఇది చైనా దేశపు ప్రాచీన వైద్యం. 1938లో మన దేశం నుండి డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనాకు వెళ్ళిన వైద్యబృందంలో డాక్టర్ బి.కె. బసు ఒకరు. ఆయన తరువాత మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాలో చికిత్స మొదలుపెట్టారు. ఈ సూదిలో మందు ఏమీ ఉండదు. చాలా సన్నని సూదిని శరీరంలో నిర్ణయించిన చోట్ల గుచ్చి కొంతసేపు ఉంచుతారు. నరాలు స్పందించి, నొప్పిని తగ్గించే పదార్థాలు శరీరంలోనే విడుదలవుతాయని పరిశోధకులు చెబుతారు.

మరి నీరసానికి పనిచేస్తుందా? నొప్పులకు, వాంతులకు ఉన్నంత ఆధారం దీనికి లేదు. ఇంగ్లండులో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 302 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. మామూలు వైద్యంతో పాటు ఆక్యుపంక్చర్ పొందినవారికి అలసట తగ్గింది. అయితే అందులో సూది ప్రభావం ఎంత, ఆప్యాయంగా చూసుకున్నందువల్ల కలిగిన మేలు ఎంత అని విడదీయడం కష్టం. కాబట్టి దీనిని తోడుగా వాడుకోవచ్చు. సూది రక్తాన్ని పెంచదు, థైరాయిడ్ లోపాన్ని పూడ్చదు, క్షయ క్రిములను చంపదు.

వేయించాలనుకుంటే ఈ జాగ్రత్తలు మరువకండి.

1. శిక్షణ పొందినవారి దగ్గరికే వెళ్ళండి. ఏం చదివారో అడగడం తప్పు కాదు.
2. ప్యాకెట్ మీ కళ్ళ ఎదుటే విప్పాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల క్రిములు సోకే ప్రమాదం ఉంది.
3. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.
4. సూదులు మొదలుపెట్టామని క్షయ, బి.పి., షుగరు, థైరాయిడ్ మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. ఆపమని ఎవరు చెప్పినా ముందు మీ వైద్యుని అడగండి.

సూది లేకుండా ఇంట్లో చేసుకోదగినది ఒకటుంది. మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో, కాలి ఎముకకు బయటివైపున ఒక బిందువు ఉంది. చైనా భాషలో దాని పేరుకు "కాలికి మూడు మైళ్ళు" వంటి అర్థం వస్తుంది. అలసిన బాటసారి అక్కడ నొక్కుకుంటే ఇంకా మూడు మైళ్ళు నడవగలడని చెప్పుకుంటారు. మోకాళ్ళ పర్వతం ఎక్కినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది! బొటనవేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కవచ్చు. కాలికి వాపు, పుండు ఉంటే, గర్భిణి అయితే వైద్యుని అడిగే చేయాలి. అంతేగాని ఆయాసం ఉన్నవారు ఇది నొక్కుకుని మెట్లెక్కవద్దు. అరవై ఏళ్ళు దాటినవారు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు కాలినడకన కొండెక్కవద్దని 2024లో దేవస్థానంవారే సూచించారు.

ఆహారంలో ఆకుకూరలు, మునగాకు, పప్పులు, వేరుశెనగ, బెల్లం ఉండేలా చూడండి. వీలైనవారు గుడ్డు, మాంసం తినవచ్చు. తోడుగా నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగకండి. రక్తం బాగా తగ్గినవారికి తిండి ఒక్కటే చాలదు, వైద్యులిచ్చిన ఐరన్ మాత్రలు వాడవలసిందే.

చివరగా ఒక మనవి. రోగిని చూసుకునే మీరు మీ నీరసాన్ని ఎవరికీ చెప్పరు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే తల్లి అసలే చెప్పదు. రెండు వారాలైనా నీరసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. మీవారిని డిశ్చార్జి చేసుకుని వెళ్ళే రోజున మీరు కూడా ఒకసారి మీ హిమోగ్లోబిన్ చూపించుకుని వెళ్ళండి.

దేవుడు మీకును మీ కుటుంబమునకును మంచి ఆరోగ్యము అనుగ్రహించును గాక.