మాత్ర మానేసే ముందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవి. అన్నంలో విషం కలిపారనేవాడు. హాలోపెరిడాల్ మాత్రలతో నెమ్మదించాడు గాని, చేతులు వణికేవి, ఒళ్లు బిగుసుకుపోయేది. మందే వాడిని పాడుచేస్తోందని డాక్టరును అడక్కుండా నేనే మాన్పించాను. మూడు నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. నాలుగో రోజున దొరికాడు. ఆ తప్పు నాది.

ఈ మందుల్లో మొదటిది క్లోర్‌ప్రోమజైన్. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు మానసిక రోగులకు వాడి ఫలితం చూపించారు. ఇవి మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని తగ్గిస్తాయి. భ్రమలు తగ్గేదీ, వణుకు వచ్చేదీ అందువల్లనే. వణుకు వస్తే డాక్టరు డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. ఓలాంజపిన్ వంటి వాటితో వణుకు తక్కువ. బరువు, షుగరు పెరగవచ్చు. క్లోజపిన్ వాడేవారు తెల్లకణాల పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

మన వయసువారికి ఒక మాట. డిమెన్షియా ఉన్న వృద్ధులలో ఈ మందుల వల్ల మరణాల ప్రమాదం పెరుగుతుందని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ హెచ్చరించింది. ఎందుకు, ఎన్నాళ్లు అని తప్పక అడగండి. కాని మీ అంతట మీరు మాన్పించకండి.

డాక్టరు మందు మార్చాక మా తమ్ముడు కోలుకున్నాడు. ఇప్పుడు మా ఇంటికి పొద్దున్నే పాలు తెచ్చేది వాడే.