నీళ్ళకూ ఒక పద్దు



నెల మొదట్లో డబ్బులు చేతికి రాగానే మనలో చాలామంది పద్దు రాసుకుంటాం. పాలకింత, పచారీ కొట్టుకింత, పిల్లల చదువుకింత అని విడదీస్తాం. వచ్చేదెంతో చూసుకోకుండా ఖర్చుపెట్టే ఇల్లు నెలాఖరుకు చెయ్యి చాపక తప్పదని మనకు బాగా తెలుసు. మరి నీళ్ళ విషయంలో ఆ లెక్క ఎందుకు వదిలేశాం? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఒకప్పుడు ఈ లెక్క ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండేది. చేదబావిలో నీళ్ళు తోడే ఇల్లాలికి నీటిమట్టం ఎంత దిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు. సంక్రాంతికి సరిపోయిన చేంతాడు ఉగాదికి చాలక, ఇంకో రెండు బారల తాడు ముడివెయ్యాల్సి వస్తే అదే కొలత. బావి దగ్గర చేరిన పదిమందికీ ఆ సంగతి తెలిసిపోయేది. బోర్లూ మోటార్లూ వచ్చాక మీట నొక్కితే నీళ్ళొస్తున్నాయి. శ్రమ తగ్గింది, సంతోషమే. కాని చేంతాడుతో పాటు కొలతా పోయింది. బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చాలా ఇళ్ళలో అది ఎండిన రోజునే తెలుస్తోంది.

ఆ రోజు ఎలా ఉంటుందో అనంతపురం, పాలమూరు, నల్లగొండ వైపు అక్కచెల్లెళ్ళను అడగండి. పక్క చేనులో మూడు వందల అడుగులు వేశారని మనం నాలుగు వందలు వేస్తాం. మెడలో గొలుసు తాకట్టుకు వెళ్తుంది. మన మెట్టప్రాంతాల్లో చాలాచోట్ల కిందంతా గట్టిరాయి. పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ నిలిచినవే మన నీళ్ళు. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గుతాయి. లోతుగా వేసినంత మాత్రాన బోరు కొత్త నీళ్ళను పుట్టించదు. చాలాసార్లు పక్కవాళ్ళ నీళ్ళనే ముందుగా లాగేస్తుంది.

ప్రపంచం మొత్తం మీద తోడుతున్న భూగర్భ జలంలో సుమారు నాలుగోవంతు మన దేశమే తోడుతోంది. 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను ఆకాశంలోకి పంపారు. రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ ప్రాంతాల కింద 2002 నుంచి 2008 వరకు 109 ఘన కిలోమీటర్ల నీరు తరిగిపోయిందని వాటి కొలతలతో శాస్త్రజ్ఞులు 2009లో లెక్క తేల్చారు. అంత పెద్ద లెక్క ఆకాశం నుంచి తియ్యొచ్చు గాని, మీ ఊరి పెరటి బోరులో ఏముందో ఉపగ్రహం చెప్పలేదు. అది ఊరే కొలుచుకోవాలి.

అలా కొలుచుకున్న ఊళ్ళు మన దగ్గరే ఉన్నాయి. నెదర్లాండ్స్ దేశపు ధనసహాయంతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పథకం నడిచింది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ - ఈ ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలవడం నేర్చుకున్నారు. కమిటీల్లో మగవారితో పాటు ఆడవారికీ చోటిచ్చారు. వాన పడిన రోజున వానమానిలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసేవారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకొకసారి నీటిమట్టం కొలిచేవారు. అంకెలను ఊళ్ళో అందరికీ కనపడేలా బోర్డు మీద రాసేవారు.

రబీ పంటకు ముందు అందరూ కూర్చునేవారు. కురిసిన వానలో భూమిలోకి ఇంకినదెంత, వెయ్యాలనుకున్న పంటలకు కావలసినదెంత అని లెక్క వేసేవారు. ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. అదే ఎకరంలో వేరుశనగకు 500 మిల్లీమీటర్ల దరిదాపు, అంటే 20 లక్షల లీటర్లు చాలు. ఈ తేడా తెలిశాక ఏ పంట వెయ్యాలో ఎవరికి వారే తేల్చుకునేవారు. వరి మానమని శాసించినవారు లేరు, జరిమానా వేసినవారూ లేరు. అయినా చాలామంది నీళ్ళ వాడకం తగ్గించుకున్నారని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక రాసింది.

ఇక్కడే ఇంకొక మాటా చెప్పాలి. 2010 ప్రాంతంలో పథకం ముగిసింది. తర్వాత ఆ పల్లెలకు వెళ్ళిన పరిశోధకులకు చాలాచోట్ల కొలతలు ఆగిపోయి కనిపించాయి. పుట్టింటివారు సారె పెట్టి పంపుతారు, కాపురం మాత్రం మనమే చేసుకోవాలి కదా! పై దేశాల సహాయమైనా, ప్రభుత్వ పథకమైనా అంతే. పరికరాలిస్తారు, పద్ధతి నేర్పుతారు. ఏటేటా కొలిచే చెయ్యి ఊళ్ళోదే కావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం ఏడు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలోనూ గ్రామాల నీటి పద్దుకు చోటిచ్చారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఏడింటిలో లేవు. కాబట్టి ఎవరో వచ్చి చెప్తారని ఎదురుచూడకుండా మనమే మొదలుపెట్టుకోవచ్చు.

ఇది పెద్ద ఖర్చు పని కాదు. అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న గాజు గ్లాసును చెట్టూ గోడా అడ్డంలేని చోట కదలకుండా పెట్టండి. రోజూ ఉదయం ఒకే వేళకు పిల్లల స్కేలుతో నీటి లోతు కొలిచి, ఒంపేసి, అంకె రాసుకోండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న డాబా మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే రెండు వేల లీటర్లు! పట్నంలో ఉండేవాళ్ళు ఆ నీరు మురుగు కాలవలోకి పోతోందా, ఇంకుడు గుంటలోకి పోతోందా అని ఒకసారి మేడ దిగి చూసుకోండి.

బావి ఉన్నవాళ్ళు మీటరుకొక ముడి వేసిన తాడుకు బరువు కట్టి దించండి. బోరైతే రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారి తెలిసినవాళ్ళ చేత కొలిపించండి. పని కాగానే మూత గట్టిగా బిగించడం మరిచిపోకండి. తెరిచిన బోరు పసిపిల్లలకు ప్రాణగండం.

ఈ అంకెలు ఎక్కడ రాయాలంటారా? మన పొదుపు సంఘాల పుస్తకాలున్నాయి కదా! ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత అప్పిచ్చాం అన్నది పైసాతో సహా రాసుకుంటున్నాం. అదే పుస్తకంలో ఒక పేజీ నీళ్ళకు కేటాయించండి. సమావేశంలో పైకి చదవండి. రెండేళ్ళు రాస్తే, ఏ నెలలో మట్టం దిగుతుందో, ఏ వానకు పెరుగుతుందో మీకే తెలుస్తుంది. అప్పుడు ఇంట్లో మగవారు మరో బోరు వేద్దామని అన్న రోజున, గొలుసు తియ్యకముందే ఆ పుస్తకం తీసి ముందు పెట్టగలరు.

మీ ఊరి వాన మొదటి అంకె ఈ తొలకరికే రాస్తారని ఆశిస్తూ, సెలవు.