గర్భిణికి చక్కెర పరీక్ష: అడిగి పొందవలసిన హక్కు

(తెనాలి ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కులనగానే మనకు వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, రిజర్వేషన్లు స్ఫురిస్తాయి. వాటి కోసం అర్జీలు పెట్టాము, ధర్నాలు చేశాము. గర్భవతియైన మన ఆడబిడ్డకు సకాలంలో చక్కెర పరీక్ష జరగడం కూడా అంతటి హక్కేనని ఈనాడు మనవి చేయదలచాము.

గర్భధారణ కాలంలో మావి నుండి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందువలన అంతకుముందు ఏ వ్యాధీ లేని స్త్రీకి సైతం రక్తంలో చక్కెర పెరగవచ్చు. తరచుగా ఏ లక్షణమూ పైకి కనిపించదు. శిశువు మితిమీరి పెరిగి కాన్పు కష్టం కావచ్చు. తల్లికి రక్తపోటు పెరగవచ్చు. బిడ్డ గర్భంలోనే మరణించే ప్రమాదమూ ఉంది. అటువంటి దుఃఖం సంభవించినప్పుడు కారణం వెదకక, కోడలి అదృష్టాన్ని నిందించే ఇళ్ళు నేటికీ ఉన్నాయి.

ఈ విషయంలో మన దేశానికి దారి చూపిన వైద్య పరిశోధకులు చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య. పరగడుపున రమ్మంటే పల్లె నుండి వచ్చిన గర్భిణి మరల రాకపోవచ్చునని ఆయన గ్రహించారు. అందుకే ఆయనా, ఆయన సహచరులూ సులభమైన పద్ధతిని ప్రతిపాదించారు. భోజనం చేసి వచ్చినా, చేయకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తం పరీక్షిస్తారు. చక్కెర 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే చికిత్స అవసరం. తమిళనాడు ప్రభుత్వం 2007లోనే గర్భిణులందరికీ పరీక్ష జరగాలని ఉత్తర్వులిచ్చింది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలూ ఈ పద్ధతినే స్వీకరించాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన జన్మదినమైన మార్చి 10ని గర్భకాల మధుమేహ అవగాహన దినంగా పాటిస్తున్నారు.

రేపల్లె నుండి రైలెక్కి తెనాలి ఆసుపత్రికి వచ్చే కూలి తల్లికి ఈ పద్ధతి ఎంత మేలో ఆలోచించండి. ఆకలితో ప్రయాణించనక్కరలేదు, మరొక రోజు కూలి పోగొట్టుకోనక్కరలేదు. అయితే పరీక్ష ఒక్కసారితో ముగియదు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒకటి, అందులో చక్కెర లేదని తేలితే 24 నుండి 28 వారాల మధ్య మరొకటి జరగాలి.

మన ఇళ్ళలో వినవచ్చే మూడు సందేహాలకు సమాధానం చెబుతాము. రంజాన్ మాసంలో పరీక్ష ఎలాగని మొదటిది. తల్లికో బిడ్డకో హాని కలుగుతుందన్న భయమున్న గర్భిణికి రోజాను వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది. ఆలిమ్‌ను, డాక్టరును ఇద్దరినీ సంప్రదించండి. ఇన్సులిన్ పంది నుండి తీస్తారని రెండవది. ఒకప్పుడు పందుల, పశువుల క్లోమం నుండి తీసిన మాట నిజమే. నేడు సాధారణంగా వాడే మానవ ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల సాయంతో ప్రయోగశాలల్లో తయారుచేస్తున్నారు. ఆ మందు ఇక జీవితాంతం తప్పదని మూడవది. చాలామందికి ఆహార నియమం, నడక సరిపోతాయి. మందు అవసరమైనవారిలోనూ అనేకులకు కాన్పు తరువాత దానితో పని ఉండదు.

కాన్పుతో జాగ్రత్త ముగిసిందనుకోరాదు. ఆ తల్లికీ, బిడ్డకూ మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకన్నా అధికం. ఆరు వారాలకు తల్లికి మరల పరీక్ష జరగాలి. మన ఇళ్ళలో నలభై రోజుల చిల్లా పూర్తయ్యేదీ ఇంచుమించు అప్పుడే. చిల్లా స్నానం అయిన వారంలోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

దశాబ్దాలు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు చూసినవారము కనుక ఒక మాట చెబుతాము. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. పరీక్ష తేదీని, ఫలితపు అంకెను తల్లీబిడ్డల కార్డులో వ్రాయించుకోండి. గ్లూకోజు లేదనో, పరికరం పనిచేయడం లేదనో త్రిప్పి పంపితే ఆ కారణాన్నే వ్రాసి వైద్యాధికారికి అర్జీ ఇవ్వండి. నకలు దగ్గర ఉంచుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజున భర్త గాని, అత్తగారు గాని తోడు వెళ్ళాలి.

మసీదు కమిటీల పెద్దలకు మా విన్నపం ఒక్కటే. జుమా నమాజు తరువాత చేసే ప్రకటనల్లో ఆ 9వ తేదీని కూడా చేర్చండి. పురుషుల చెవిన పడిన మాట ఇంటికి చేరితే, ఒక తల్లి, ఒక బిడ్డ క్షేమంగా ఉంటారు.

సెలవు. ఖుదా హాఫిజ్.