పొట్లం కట్టే ముందు – కాగితం మీద నిజం రాద్దాం

 

మార్కండి సముద్రపు ఒడ్డున కూర్చుని, సముద్రం దాటే పొట్లం గురించి మాట్లాడుకుందాం. బరంపురం పట్టుచీరకు, జోడుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరైతే వచ్చింది గానీ, ఆ చీరను పై దేశానికి మన చేత్తో మనమే పంపాలంటే చాలామందికి ఇంకా భయమే.

మా సంగతే చెబుతాం. ఒకసారి ఒక పట్టుచీర పంపాం. కొనుక్కున్నావిడ, "సుంకం తగ్గుతుంది, కానుక అని రాసి ధర తక్కువ వెయ్యండి" అంది. సరేనని "బట్ట, వెయ్యి రూపాయలు" అని రాశాం. పొట్లం దారిలో పోయింది. పరిహారం అడిగితే మేం రాసిన కాగితమే మాకు చూపించారు. రోజుల తరబడి ఒక ఇల్లంతా కష్టపడి నేసిన చీర వెయ్యి రూపాయలేనని మేమే రాసిచ్చాం కదా! ఎవర్ని అనగలం? కష్టం నేతగాడిది, తప్పు మాది.

అందుకే మొదటి మాట: ఉన్నది ఉన్నట్టు రాయండి. పోస్టులో చిన్న పాకెట్టుకు సీఎన్ 22, పార్సిలుకు సీఎన్ 23 అనే కస్టమ్స్ కాగితం ఉంటుంది. అందులో వట్టి "బట్ట" అంటే చాలదు. "చేనేత పట్టుచీర, ఒకటి" అని, బరువు, అసలు ధర రాయాలి. పట్టుబట్టకు కస్టమ్స్ శీర్షిక 5007. అదీ వెయ్యండి.

రెండోది: డబ్బు తీసుకుంటే అది కానుక కాదు, అమ్మకం. అమ్మకానికి ఐఈసీ అనే ఎగుమతి నంబరు కావాలి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, రుసుము 500 రూపాయలు. తపాలా శాఖ వారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో ఎగుమతి కాగితాలు చేయించుకోవచ్చు.

మూడోది: అవతలి దేశం సంగతి ముందే అడగండి. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుక్కి సుంకం లేదని మనవాళ్లు ఇంకా అంటున్నారు. ఆ వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది. యూరప్ సమాఖ్య దేశాల్లో 2021 జూలై నుంచి అమ్మిన సరుకు ఎంత చిన్నదైనా పన్ను ఉంది. రేట్లు మారుతూంటాయి గనక పంపే రోజున కౌంటర్లో కనుక్కోండి. సుంకం మనం కడతామా, వాళ్లు కడతారా అన్నది బేరంలోనే తేల్చుకోవాలి. లేకపోతే వాళ్లు తీసుకోనంటారు, చీర తిరిగి మన గుమ్మానికే వస్తుంది.

ఇంకొకటి, నవ్వకండి. చీర మడతల్లో ఎండు చేపలు, పచ్చళ్లు పెట్టకండమ్మా! తినే వస్తువులకు చాలా దేశాల్లో కట్టుబాట్లు వేరు. వాటి మూలంగా చీర కూడా ఆగిపోతుంది.

ఇక మనకు వచ్చే పొట్లాలు. పై దేశంలో ఉన్న కొడుకు ఫోను పంపి "కానుక" అని రాస్తే సుంకం ఉండదనుకోవద్దు. 2019 డిసెంబరు నుంచి రాఖీ, ప్రాణం నిలిపే మందులు తప్ప తక్కిన కానుకలకు సుంకం కట్టాల్సిందే. కట్టి రసీదు తీసుకోండి.

కానీ "కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పార్సిల్లో మత్తుమందు దొరికింది, ఈ ఖాతాలో డబ్బు వెయ్యండి" అని ఫోనొస్తే నమ్మకండి. కస్టమ్స్ వారు ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు వెయ్యమనరు. వాళ్ల ఉత్తరం మీద డిన్ అనే నంబరు ఉంటుంది, అది అసలుదో కాదో వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. పొరపాటున డబ్బు పంపితే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతికి రాదు.

ఒక్క పోగు తప్పితే అంచు చెడుతుందని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కాగితం మీద ఒక్క మాట తప్పినా అంతే. పొట్లం అతికించే ముందు ఆ కాగితం ఒకసారి సమాఖ్యకు తీసుకురండి, కలిసి చూద్దాం. మేం పోగొట్టుకున్న చీరే ఆఖరిది కావాలి.

సెలవు.